నాలుగు ప్లగ్ వైర్లు, నాలుగు సువార్తలు

ఇంజను జబ్బును చెవితో కనిపెట్టగలవాడు పామర్రు చుట్టుపక్కల నేనొక్కణ్ణే. చదివింది మా ఊరి బళ్ళో ఐదో తరగతి వరకే అయినా ఈ విద్య ఏ బళ్ళోనూ చెప్పేది కాదు. ఒకసారి బందరు బస్సు మా అరుగు ముందు నుంచి పోతుంటే, "దీని బెల్టు నిడుమోలు దాటదు" అన్నాను. బస్సు నిడుమోలులో ఆగింది. అక్కడ ఎలాగూ స్టాపు ఉంది కదా అని గొణిగినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ సంగతి వదిలేద్దాం. కృపానందం కథ చెప్పుకుందాం.

కృపానందం మా పక్కింటివాడు, వరసకు నన్ను పెదనాన్నా అంటాడు. అతనికి ఒక పాత పికప్ ఉంది. డీజిల్‌ది కాదు, నాలుగు సిలిండర్ల పెట్రోలు బండి. గ్యాసు కిట్టు తర్వాత పెట్టించుకున్నాడు. సీటు ఎత్తితే కింద ఇంజను. మిల్లుల నుంచి బెజవాడకు తవుడు బస్తాలు తోలి, ఇద్దరు పిల్లల చదువులు ఆ బండి మీదే గట్టెక్కించాడు. పద్దెనిమిదేళ్ళుగా దానికి వైద్యం చేస్తున్నవాడు కాలవ వంతెన పక్కన షెడ్డున్న మహమ్మద్. కొనేముందు బండి చూసి పెట్టింది అతనే, కొన్నాక ప్రతి చప్పుడూ సరిచేసింది అతనే.

ఈ పద్దెనిమిదేళ్ళలో మహమ్మద్ కృపానందాన్ని ఏదీ అడగలేదు. మొన్న ఏప్రిల్లో మొదటిసారి అడిగాడు. అతని కూతురు అఫ్సా అత్తవారిల్లు బెజవాడ భవానీపురంలో. అక్కడ ఆ పిల్ల శనివారం పదకొండు గంటలకు కుట్టు దుకాణం తెరుస్తోంది. పాత సామాన్ల వాళ్ళ దగ్గర నాలుగు తుప్పు పట్టిన కుట్టుమిషన్లు కొని, ఏడాదిపాటు తీరిక దొరికినప్పుడల్లా విప్పి, తోమి, నూనె పోసి కొత్తవాటిలా చేశాడు మహమ్మద్. బట్ట కత్తిరించడానికి టేకు టేబుల్ ఒకటి చేయించాడు.

"శనివారం నీ బండి కావాలి కృపన్నా" అన్నాడు.

"అడగాలా మహమ్మదూ? పొద్దున తొమ్మిదింటికి లోడు చెయ్. పదిన్నరకల్లా దుకాణం ముందు దింపుతా."

ఈ మాట విని మా వీధి వీధంతా ఆశ్చర్యపోయింది, ఎందుకంటే కృపానందం బండి ఎవరికీ ఇవ్వడు. అతని బావమరిది యేసుకుమార్ సముద్రస్నానానికి వెళ్దామని ఏటా బండి అడుగుతాడు. ఏటా ముందురోజు సాయంత్రం కృపానందం ఇంజనుకు నిప్పందించే నాలుగు ప్లగ్ వైర్లలో ఒకటి పీకి బియ్యం డ్రమ్ములో దాస్తాడు. పొద్దున్నే స్టార్టు చేస్తే బండి క్షయ రోగిలా దగ్గుతుంది. "చూశావుగా, దీన్నేసుకుని బందరు దాకా ఎట్టా పోతాం?" అంటాడు. ఈ ఉపాయం నేర్పినవాడు కూడా మహమ్మదే. "ఒక్క వైరు చాలు కృపన్నా, రెండు తీస్తే అనుమానం వస్తది" అని జాగ్రత్త కూడా చెప్పాడు.

శుక్రవారం సాయంత్రం కృపానందం బండి స్టార్టు చేసి నన్ను పిలిచాడు.

"పెదనాన్నా, ఒకసారి విని చెప్పు. రేపు దారిలో ఆగితే మహమ్మద్ ముందు తలెత్తుకోలేను."

నేను తల పక్కకు వంచి విన్నాను. టిక్కు, టిక్కు. కాస్త ఖాళీ. మళ్ళీ టిక్కు.

"మిస్సింగ్ కొడుతోంది, అంటే ఏదో ప్లగ్గులో నిప్పు రావట్లేదు. ప్లగ్ వైర్లు పోయినయ్."

"నాకేం వినపళ్ళేదే."

"నీకే వినపడితే నన్నెందుకు పిలిచావు?"

కృపానందం ఇంజను మీదకి వంగాడు. కాసేపు చెవి ఒగ్గి, "అవును, ఏదో ఉన్నట్టే ఉంది" అన్నాడు. పెద్దవాళ్ళంటే గౌరవం ఉన్న మనిషి. అయినా అనుమానం తీరక మహమ్మద్‌కు ఫోన్ చేశాడు.

"ప్లగ్ వైర్లు మార్చాలంటావా మహమ్మదూ?"

"ఏమొద్దు. వైర్లు బంగారంలా ఉన్నయ్. వాటి జోలికి పోకు."

"నిజంగానా?"

"పోవద్దంటన్నాగా."

ఫోన్ పెట్టేసి కృపానందం నావైపు తిరిగాడు. "చూశావా పెదనాన్నా, తన పనికి బండి ఇస్తున్నానని, నాకు ఖర్చు పెట్టించడం ఇష్టంలేక అట్టా అంటన్నాడు. తెల్లారేసరికి నేనే మార్చేస్తా. ఎవరికీ చెప్పమాకు." నేను సరేనన్నాను.

అతని ఏర్పాటు ఇది. ఆరింటి బస్సెక్కి ఏడు దాటేసరికి బెజవాడలో బండి సామాన్ల కొట్లుండే ఆటోనగర్ గేటు దగ్గర దిగడం. వైర్లు కొని ఎనిమిదిన్నరకల్లా ఇంటికి రావడం. తొడగడానికి పది నిమిషాలు. తొమ్మిదింటికి లోడు. ఇందులో తప్పు ఒక్కటే. ఆటోనగర్లో ఆ కొట్లు తొమ్మిదిన్నరకు గాని తెరవరు.

పైగా అక్కడ నోటిమాటకు సామాను ఇవ్వరు. నట్టు కావాలంటే పాత నట్టు శాంపిల్ చూపించాల్సిందే. ప్లగ్ వైర్లు నాలుగూ నాలుగు పొడుగులు కాబట్టి కృపానందం నాలుగూ పీకాడు. ఏది ఏ ప్లగ్గుదో మరిచిపోకుండా, పాత చర్చి క్యాలెండర్ చించి, చీటీలు రాసి ఒక్కోదాని కొసకు దారంతో కట్టాడు. పేర్లు బైబిల్లో నాలుగు సువార్తలవి: మొదటి ప్లగ్గు వైరుకు మత్తయి, రెండోదానికి మార్కు, మూడోదానికి లూకా, నాలుగోదానికి యోహాను.

"ఒకటి, రెండు అని రాయొచ్చుగా?" అంది అతని భార్య తెరేసమ్మ.

"అంకెలు కంగారులో తికమక అవుతయ్. మత్తయి తర్వాత మార్కని నిద్రలో లేపి అడిగినా చెప్తాంగా."

"మహమ్మద్ వచ్చి అడిగితే ఏం చెప్పను?"

"ఆటోనగర్ వెళ్ళానని మాత్రం చెప్పకు. తన మాట నమ్మలేదని నొచ్చుకుంటాడు."

"అబద్ధం చెప్పమంటారా?"

"అబద్ధం వద్దు. ఏదో ఒకటి చెప్పు."

ఎనిమిదిన్నరకు మహమ్మద్ వచ్చాడు. వెనక అఫ్సా, తోపుడు బండి మీద నాలుగు మిషన్లు, వాటి మీద బోర్లించిన టేబుల్. తెరేసమ్మ వాకిట్లో నులక మంచం మీద వడియాలు పెడుతోంది.

"కృపన్న ఏడి వదినా?"

"ఊరెళ్ళారు తమ్ముడూ."

"ఇయ్యాలా? ఏ ఊరు?"

తెరేసమ్మ నెలనెలా చర్చి ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం చేసే మనిషి. ఆమెకు కథలల్లడం రాదు. "చుట్టాలింటికి" అంది, వడియం వైపు చూస్తూ.

"ఏ చుట్టాలు?"

"ఉన్నార్లే, దూరపువాళ్ళు. ఇబ్రహీంపట్నంలో."

"ఇబ్రహీంపట్నంలో మీకు చుట్టాలున్నారని నాకు తెలీదే."

"నాకూ ఈమధ్యే తెలిసింది" అంది తెరేసమ్మ.

మహమ్మద్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత, "సరే, తాళమియ్యి. నేనే తోలుకుపోతా" అని ఎక్కి తాళం తిప్పాడు. ఇంజను గిరగిరా తిరిగింది గాని అందుకోలేదు. దిగి సీటు ఎత్తాడు. నాలుగు ప్లగ్గులు, వాటి మీద ఒక్క వైరు లేదు. మహమ్మద్ ఒక్కో ప్లగ్గునూ వేలితో తాకి చూశాడు.

"ఒక్కటి చాలని చెప్పా గదా వదినా" అన్నాడు చివరికి. "నాలుగూ తీశాడు."

తెరేసమ్మకు విషయం అర్థమై, "అది కాదు తమ్ముడూ, ఆయన అందుకు తీయలేదు" అంది.

"మరెందుకు?"

ఆమె మళ్ళీ వడియాల వైపు చూసింది. మహమ్మద్ ఫోన్ తీసి కృపానందానికి చేశాడు. రెండు మోతలు మోగి కట్టయింది. మళ్ళీ చేశాడు. ఒక్క మోతకే కట్టయింది. మూడోసారికి స్విచాఫ్ అని వచ్చింది.

ఇదంతా నేను అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఒక్క మాట చెబితే తీరిపోయేది. కానీ చెప్పొద్దన్నాడు కదా అని ఊరుకున్నాను. డెబ్బై ఎనిమిదేళ్ళలో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్క పూటే, ఆ పూటే మూసుకోకూడనిది.

మహమ్మద్ వంతెన దగ్గర నుంచి రెండు ఆటోలు పిలిపించి, ఒక్కోదాంట్లో రెండేసి మిషన్లు ఇరికించాడు. టేబుల్ ఏ ఆటోలోనూ పట్టలేదు. దాన్ని కృపానందం గోడకు ఆనించాడు.

"ఇక్కడే ఉండనీ వదినా. ఆయనకు అడ్డమైతే కాలవలో పడేయమను."

అఫ్సా వెనక్కి తిరిగి తెరేసమ్మను చూసింది. ఆటోలు వెళ్ళిపోయాయి.

ఆ సమయానికి కృపానందం ఆటోనగర్లో మూసిన షట్టర్ ముందు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ రేకులు కొట్టే చప్పుడు. ఫోన్లో మహమ్మద్ పేరు కనబడింది. ఎత్తితే ఆ సుత్తుల చప్పుడుకే మహమ్మద్ ఎక్కడున్నాడో పట్టేస్తాడు. అందుకని కట్ చేశాడు. రెండోసారీ కట్ చేశాడు. ఆ తర్వాత ఫోనే ఆపేశాడు. గంటలో వెళ్ళి బండి చూపించాక ఇద్దరూ నవ్వుకోవచ్చనుకున్నాడు.

కొట్లు తెరిచాక మొదటి మూడు చోట్లా ఒకటే మాట. "పికప్పుకి ప్లగ్ వైర్లేంటి సార్? డీజిల్ బండికి ప్లగ్గులుండవు." నాలుగో కొట్టు రామకోటేశ్వరరావుది. ఆయన కళ్ళద్దాల పైనుంచి చూసి, "పెట్రోల్ పికప్పా? అంటే మ్యూజియంలోది. శాంపిల్ తెచ్చారా?" అన్నాడు.

కృపానందం సంచిలోంచి నలుగురు సువార్తికులను తీసి బల్ల మీద పెట్టాడు.

"కంపెనీవి కావాలా, కంపెనీ లాంటివి కావాలా, కంపెనీ పేరున్నవి కావాలా?"

"తేడా ఏంటండీ?"

"మొదటివి బాగా పనిచేస్తయ్. రెండోవి పనిచేస్తయ్. మూడోవి చూడ్డానికి మొదటివాటికంటే బాగుంటయ్."

"నాకు అన్నింటికన్నా మంచివి కావాలి. ఒకళ్ళకి మాటిచ్చాను."

"గ్యాసు మీద నడుస్తుందా? అయితే స్పార్కు గట్టిగా కావాలి. సిలికాన్‌వి తీసుకోండి. ఇదిగో, ఎర్రవి. పొడుగు మాత్రం సరిపోవాలి. పొట్టివైతే అందవు, మరీ పొడుగైతే సైలెన్సర్ గొట్టానికి తగిలి కరిగిపోతయ్." ఇలా అంటూ ఆయన మత్తయిని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. లూకా కొస విప్పి లోపల చూశాడు. "ఇవి మార్చాలని ఎవరు చెప్పారు సార్?"

"మా పెదనాన్న. ఇంజను చెవితో చూస్తాడు."

"ఓహో" అన్నాడు రామకోటేశ్వరరావు, ఇంకేమీ అడగకుండా. కృపానందం కొత్తవాటి పొడుగులు పాతవాటితో సరిచూసుకుని, చీటీలు విప్పి ఎర్ర వైర్లకు కట్టుకున్నాడు. పాతవి సంచిలో వేసుకోబోతే ఆయన ఆప్యాయంగా ఆపాడు. "ఆ బరువు మీకెందుకు సార్, ఇక్కడే వదిలేయండి." వదిలేశాడు.

ఇల్లు చేరేసరికి పదకొండుంపావు. తెరేసమ్మ జరిగింది చెప్పింది. కృపానందం గోడకు ఆనించిన టేబుల్ ముందు నిలబడిపోయాడు.

"కాలవలో పడేయమన్నాడా?"

"అన్నాడు."

"మహమ్మదేనా?"

"ఇంకెవరంటారు?"

ఫోన్ చేశాడు. ఈసారి మహమ్మద్ కట్ చేశాడు. దుకాణం తెరిచేశారు, మిషన్లు చేరిపోయాయి, మిగిలింది టేబులొక్కటే. అదొక్కటైనా తీసుకెళ్ళి దింపితే ముఖం చూపించుకోవచ్చు. కృపానందం సీటు ఎత్తి ఎర్ర వైర్లు తొడగడం మొదలుపెట్టాడు. మత్తయి మొదటి ప్లగ్గుకు, మార్కు రెండోదానికి, లూకా మూడోదానికి, యోహాను నాలుగోదానికి. అంతవరకు భేషుగ్గా ఉంది. కానీ వైరుకు రెండు కొసలుంటాయి. రెండో కొసలన్నీ ఇంజను పక్కనున్న గుండ్రటి మూతలో నాలుగు కన్నాల్లో దూరాలి. చీటీలు కట్టింది ప్లగ్గు కొసకే. ఏ కన్నంలో ఏది ఉండేదో చూసుకోలేదు.

"వరసలోనే ఉంటయ్ గదా పెదనాన్నా?"

"బైబిల్లో ఉన్నట్టే ఉంటయ్" అన్నాను నేను, అప్పటికీ బుద్ధి రాక.

కన్నాల చుట్టూ మత్తయి, మార్కు, లూకా, యోహాను వరసన గుచ్చి తాళం తిప్పాడు. ఇంజను ఢామ్మంది. గాలి ఫిల్టర్ మూత లేచి వెళ్ళి వడియాల మంచం మీద పడింది. రోడ్డు అవతల కోసిన చేలో మూడొందల బాతులు మేస్తున్నాయి. అవన్నీ ఒక్కసారి మెడలెత్తి, ఎక్కడివక్కడ గుడ్లు పెట్టేశాయి. బాతు మధ్యాహ్నం గుడ్డు పెట్టడం నేను చూడటం అదే మొదలు. బాతులాయన పరుగెత్తుకొచ్చాడు. తిడతాడనుకున్నాం. "సాయంత్రం కూడా ఒకసారి కొడతారా అండీ?" అని అడిగాడు.

నాలుగు వైర్లను నాలుగు కన్నాల్లో ఇరవై నాలుగు రకాలుగా పెట్టొచ్చు. అది నేను ఐదో తరగతిలో నేర్చుకున్న లెక్క. కృపానందం ఏడు రకాలు చూశాడు. ఏడు ఢాములు. ఎనిమిదోదానికి ఓపిక చాలక, బండి మెట్టు మీద కూలబడ్డాడు.

"పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి అడిగాడు పెదనాన్నా" అన్నాడు.

అప్పుడు ఫోన్ మోగింది. అఫ్సా. చేతులకు మసి అని కృపానందం స్పీకర్ నొక్కాడు. అటు ఆమె గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"బాబాయ్, నాన్న పక్కన లేడులే. వైర్లు ఎందుకు తీశారు?"

కృపానందం మొత్తం చెప్పాడు.

"గురువారం మీరు మిల్లులో భోంచేస్తుంటే నాన్న కొత్త వైర్లు వేశాడు బాబాయ్. మా సామాను మోస్తున్నారని. చెప్తే డబ్బులిస్తారని, పైన మసి పూసి పాతవాటిలా చేసి, మీకు చెప్పొద్దన్నాడు. మీరు శాంపిల్‌కి పట్టుకెళ్ళింది వాటినే. ఏవి అవి?"

కృపానందం ఖాళీ సంచి వైపు చూశాడు. రామకోటేశ్వరరావు ఆప్యాయత ఇప్పుడతనికి అర్థమవుతోంది.

"సరే, వినండి. మూతలో ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఆ వరసలో పెట్టండి."

"అంటే మత్తయి, లూకా, యోహాను..."

"ఏంటి బాబాయ్?"

"ఏంలేదమ్మా. మార్కు ఆఖరికెళ్ళాలన్నమాట."

అంతా విన్న నాకు ఒక సందేహం వచ్చింది. వైర్లు కొత్తవైతే శుక్రవారం నేను విన్న మిస్సింగ్ ఎక్కడిది? తల పక్కకు వంచి విన్నాను. టిక్కు, టిక్కు. కాస్త ఖాళీ. మళ్ళీ టిక్కు. బండి ఆగి ఉంది. నా కుడిచెవిలో రెండేళ్ళుగా ఉంటున్న వినికిడి మిషను తీసి చూశాను. చప్పుడు ఆగింది. బ్యాటరీ అయిపోవస్తే అది అలా కొడుతుందట, మా మనవరాలు ఎప్పుడో చెప్పింది. కాబట్టి ఇంజను జబ్బు చెవితో చెప్పగలవాడు పామర్రు చుట్టుపక్కల ఎవడూ లేడు. నిడుమోలులో స్టాపు ఉన్నమాట కూడా నిజమే.

మార్కును ఆఖరి కన్నంలో పెట్టగానే బండి అందుకుంది. టేబుల్ ఎక్కించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కృపానందం మూడింటికి భవానీపురం చేరాడు. నా చెవి సంగతి దారంతా చెబుదామనుకుంటూనే ఉన్నాను. కానీ అతను ఒక్క మాటా మాట్లాడలేదు, మాట్లాడని మనిషికి నేరం ఒప్పుకోవడం కష్టం.

దుకాణంలో అఫ్సా నేల మీద చాప పరిచి, మోకాళ్ళ మీద వంగి ఎవరిదో జాకెట్టు గుడ్డ కత్తిరిస్తోంది. మహమ్మద్ ఒక మిషన్‌కు నూనె పోస్తున్నాడు. మేమిద్దరం టేబుల్ దించాం.

"టేబుల్ తెచ్చా మహమ్మదూ."

"అక్కడ పెట్టు."

పెట్టాం. కృపానందం అక్కడే నిలబడ్డాడు. "నీకు బండి ఇవ్వకూడదని తీయలేదు వైర్లు. నీ సామాను దారిలో ఆగకూడదనే."

"తెలుసు. అఫ్సా చెప్పింది."

"మరింకేం?"

మహమ్మద్ నూనె డబ్బా కింద పెట్టాడు. "వైర్ల గురించి కాదు కృపన్నా. ఫోన్ ఎందుకు కట్ చేశావ్?"

కృపానందం జేబులో ఫోన్ తడుముకున్నాడు.

"మొదటిసారి బండి కోసమే చేశా. రెండోసారి కోపంతో చేశా. మూడోసారి మాత్రం నీకేమన్నా అయిందేమోనని చేశా."

మహమ్మద్ లేచి బయటికొచ్చి, సీటు ఎత్తి ఎర్ర వైర్లు చూశాడు. సైలెన్సర్ గొట్టానికి తగులుతున్న ఒకదాన్ని పక్కకు జరిపి కట్టాడు. దానికున్న చీటీ చదివాడు. "మార్కును ఆఖరికి నెట్టినట్టు మీ ఫాదర్‌కి తెలుసా?" అని అడిగి నవ్వాడు. కృపానందమూ నవ్వాడు. అఫ్సా అందరికీ టీ తెప్పించింది.

బాతుల సంగతి మీరు నమ్మి ఉండరు. అది నిజమే, ఆ గుడ్లు మా ఇంట్లోనూ కూర వండుకున్నాం. చెవి మిషను సంగతి చెబుదామని మహమ్మద్ షెడ్డు దాకా నాలుగుసార్లు వెళ్ళి చెప్పలేక తిరిగొచ్చిన మాటా నిజమే. నేను కల్పించింది చివర్లో ఆ నవ్వు ఒక్కటే: మహమ్మద్ ఇంకా నవ్వలేదు.